అన్నింటికీ ఒకే రిమోట్: టచ్‌స్క్రీన్ చూపిన దారి, మధ్యలో ఆగిన ప్రయాణం

టెలివిజన్‌కు ఒక రిమోట్, సెట్‌టాప్ బాక్సుకు రెండవది, సౌండ్‌బార్‌కు మూడవది, ఇంటర్నెట్ నుంచి సినిమాలు చూపించే చిన్న పరికరానికి నాలుగవది. దేశంలో ఏ పట్టణంలోని మధ్యతరగతి ఇంటికి వెళ్లినా ఈ దృశ్యం అపరిచితం కాదు. ప్లాస్టిక్ కవరు తొడిగినది ఒకటి, వెనుక మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు చుట్టినది మరొకటి. ఏది దేనిదో ఇంట్లోని పిల్లలకు కంఠస్థమే. ఇబ్బంది పెద్దవారికే. శబ్దం పెంచబోయి పొరపాటున టీవీ రిమోట్ మీది సోర్స్ బటన్ నొక్కితే తెర ఖాళీ అయి 'నో సిగ్నల్' అన్న అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. అక్కడి నుంచి వెనక్కి రావడం తెలియక, మనుమరాలు బడి నుంచి వచ్చే వరకు టీవీ ముందు ఊరకే కూర్చునే తాతగార్లు, అమ్మమ్మలు ఎందరో.

ఈ చిక్కుకు పరిష్కారం పాతికేళ్ల కిందటే విపణిలోకి వచ్చింది. ఇంట్లోని అన్ని పరికరాలకూ ఒకే రిమోట్; దానిపై స్థిరమైన బటన్లకు బదులు వేలితో తాకే తెర; ఆ తెరపై ఏ బటన్ ఎక్కడ ఉండాలో, ఏ పని చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ యజమానిదే. సంపన్న దేశాలలో దానికి మంచి ఆదరణ లభించింది. అయినా దానికి పేరు తెచ్చిన సంస్థలు ఆ వ్యాపారం నుంచి ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. ఎందుకిలా జరిగిందో అర్థం కావాలంటే ముందుగా రిమోట్ మాట్లాడే భాష ఎటువంటిదో తెలుసుకోవాలి.

కంటికి కనిపించని కాంతి

సాధారణ రిమోట్ ముందుభాగంలో ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు ఉంటుంది. అది వెదజల్లేది ఇన్‌ఫ్రారెడ్ అని పిలిచే పరారుణ కాంతి. దాని తరంగదైర్ఘ్యం సాధారణంగా 940 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కనుక మానవ నేత్రానికి గోచరించదు. సెల్‌ఫోన్ కెమెరాను రిమోట్ ముందు పెట్టి బటన్ నొక్కితే మాత్రం చాలా ఫోన్లలో, ముఖ్యంగా సెల్ఫీ కెమెరాలో, ఊదారంగు మెరుపు కనిపిస్తుంది. రిమోట్ చెడిపోయిందా, టీవీలో లోపమా అని తేల్చుకోవడానికి మెకానిక్‌లు చేసే మొదటి పరీక్ష ఇదే.

గదిలోకి వచ్చే ఎండలోనూ పరారుణ కాంతి ఉంటుంది. దాని నుంచి రిమోట్ కాంతిని టీవీ ఎలా వేరుపరుస్తుంది? రిమోట్ లోని బల్బు నిలకడగా వెలగదు. సెకనుకు సుమారు 38 వేల సార్లు వెలిగి ఆరుతుంది. టీవీలోని గ్రాహకం ఆ వేగంతో మిణుకుమనే కాంతిని మాత్రమే లెక్కలోకి తీసుకుని మిగిలినదంతా వదిలేస్తుంది. ఆ మిణుకులను కొంతసేపు పంపడం, కొంతసేపు ఆపడం ద్వారా ఒకట్లు, సున్నాలు ఏర్పడతాయి. జపాన్‌కు చెందిన ఎన్‌ఈసీ సంస్థ పద్ధతిలో మొదట 9 మిల్లీసెకన్ల మిణుకు, తరువాత 4.5 మిల్లీసెకన్ల నిశ్శబ్దం, ఆపైన 32 అంకెల సందేశం ఉంటాయి. ఏ పరికరానికి, ఏ ఆదేశం అన్న రెండు విషయాలే ఆ సందేశంలోని సారం. పొరపాటు దొర్లకుండా ప్రతిదానినీ తిరగేసి రెండవసారి కూడా చెబుతుంది. ఐరోపాలో ఫిలిప్స్ రూపొందించిన ఆర్‌సీ-5 పద్ధతి వేరు. దాని వేగం సెకనుకు 36 వేల మిణుకులు, సందేశంలో 14 అంకెలు, 32 రకాల పరికరాలకు 64 చొప్పున ఆదేశాలు. ఇతర సంస్థలు ఇంకా వేర్వేరు మార్గాలు ఎంచుకున్నాయి. అందరూ పాటించవలసిన ఒకే ప్రమాణం ఏర్పడలేదు. ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క రిమోట్ పోగుపడటానికి మూలం ఇదే.

ఈ భాషలో మరొక లక్షణం ఉంది. ఇది ఏకపక్ష సంభాషణ. రిమోట్ చెబుతుంది, టీవీ వింటుంది. విన్నానని టీవీ తిరిగి చెప్పదు. తాను వెలిగి ఉన్నదీ ఆరి ఉన్నదీ కూడా చెప్పదు. మనిషి చేతిలో రిమోట్ ఉన్నంత వరకు ఇది లోపంగా కనిపించదు, ఎందుకంటే తెర వెలిగిందో లేదో కళ్లు చూస్తూనే ఉంటాయి. చూసే పని కూడా యంత్రానికే అప్పగించినప్పుడు చిక్కు మొదలైంది.

ప్రోంటో రాక

ఇతర రిమోట్ల సంకేతాలను నేర్చుకోగల పరికరాలు 1980వ దశకం మధ్యలోనే వచ్చాయి. ఆపిల్ సంస్థ సహ వ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ ఆ సంస్థ నుంచి బయటికి వచ్చాక మొదలుపెట్టిన సీఎల్-9 అనే కంపెనీ 1987లో 'కోర్' అనే రిమోట్‌ను విడుదల చేసింది. వేరే రిమోట్‌ను దాని ఎదురుగా పెట్టి బటన్ నొక్కితే ఆ సంకేతాన్ని అది గుర్తుపెట్టుకునేది. వరుసగా అనేక ఆదేశాలు పంపగలిగేది కూడా. అయితే దానిని సిద్ధం చేసుకోవడానికి అవసరమైన ఓపిక కంప్యూటర్ ఇంజినీర్లకే ఉండేది.

ఫిలిప్స్ సంస్థ 1998లో విడుదల చేసిన ప్రోంటో ఈ పరిస్థితిని మార్చింది. అరచేతి కన్నా కొంచెం పెద్దదైన నలుపు తెలుపుల టచ్‌స్క్రీన్, పక్కన నాలుగైదు అసలు బటన్లు, సుమారు 400 డాలర్ల ధర. కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, దానితో పాటు వచ్చే సాఫ్ట్‌వేర్‌లో యజమాని తన తెరను తానే గీసుకోవచ్చు. డీవీడీ ప్లేయర్‌కు ఒక పేజీ, ఆంప్లిఫయర్‌కు ఒక పేజీ, ఇంట్లో పిల్లలకు వారికి అనుమతించిన చానళ్లతోనే మరొక పేజీ. ఐఫోన్ పుట్టడానికి తొమ్మిదేళ్ల ముందు, ఇంటి హాల్లో కూర్చుని వేలితో తెరను తాకి పనులు చేయించుకోవడం ఎంత వింతగా ఉండేదో నేటి తరం ఊహించడం కష్టం.

ప్రోంటోలో అసలు శక్తి 'మాక్రో' అనే ఏర్పాటులో ఉంది. 'సినిమా' అని రాసిన ఒక్క బటన్ తాకితే టీవీ వెలగాలి, ఆంప్లిఫయర్ వెలగాలి, రెండింటి ఇన్‌పుట్లూ డీవీడీ వైపు మారాలి, డిస్కు తిరగడం మొదలు కావాలి. ఈ ఆదేశాలను క్రమంలో పేర్చి, టీవీ పూర్తిగా మేల్కొనడానికి పట్టే కొన్ని సెకన్ల వ్యవధిని మధ్యలో చేర్చితే చాలు. కాగితం మీద ఇది సులభమే. ఆచరణలో ఏకపక్ష సంభాషణ అడ్డు తగిలింది.

చాలా టీవీలలో పవర్ బటన్ ఒకటే. ఆరి ఉన్న టీవీకి ఆ సంకేతం పంపితే వెలుగుతుంది, వెలిగి ఉన్న టీవీకి అదే సంకేతం పంపితే ఆరిపోతుంది. ఇంట్లో ఎవరో అంతకు ముందే టీవీ పెట్టి ఉంటే, 'సినిమా' బటన్ తాకగానే ఆంప్లిఫయర్ వెలుగుతుంది, టీవీ ఆరిపోతుంది. రెండవసారి తాకితే రెండూ తలకిందులవుతాయి. దీనికి సరైన విరుగుడు వెలిగించడానికి ఒక సంకేతం, ఆర్పడానికి వేరొక సంకేతం ఉండటమే. వీటినే డిస్క్రీట్ కోడ్‌లు అంటారు. కొన్ని టీవీలు వాటిని అర్థం చేసుకుంటాయి. కానీ తయారీదారులు తమ సొంత రిమోట్ మీద వాటికి బటన్లు పెట్టరు, వినియోగదారుల పుస్తకంలోనూ ప్రచురించరు. ఏ టీవీకి ఏ గుప్త సంకేతం పనిచేస్తుందో ప్రయత్నించి కనుగొని ఒకరికొకరు అందజేసుకున్నది ఔత్సాహికులే.

వారు మార్చుకున్న సంకేతాలకు ఒక లిపి కూడా ఉంది. 0000, 006డి వంటి నాలుగేసి గుర్తుల గుంపులుగా సాగే దానిని నేటికీ ప్రోంటో హెక్స్ అనే పిలుస్తారు. ఆ రెండవ గుంపును ఒక సూత్రంతో లెక్కిస్తే సుమారు 38 వేల మిణుకుల వేగం వస్తుంది. తరువాతి గుంపులు వెలిగే, ఆరే కాలాల కొలతలు. ఫిలిప్స్ ప్రోంటో వ్యాపారానికి 2010లో ముగింపు పలికింది. ఆ లిపి మాత్రం సామాన్యమైన అక్షరాల వరుస కావడం వల్ల ఇతరుల పరికరాలలోనూ, సాఫ్ట్‌వేర్లలోనూ నేటికీ చలామణిలో ఉంది. దీనిని గుర్తుంచుకోవడం మంచిది, ఎందుకంటే తరువాత వచ్చిన ప్రసిద్ధ రిమోట్ ఇందుకు పూర్తిగా భిన్నమైన దారి తొక్కింది.

సంకేతాలు ఎవరి దగ్గర ఉన్నాయి?

కెనడాలోని ఇంట్రీగ్ టెక్నాలజీస్ అనే చిన్న సంస్థ రూపొందించిన హార్మనీ రిమోట్‌ను 2004లో లాజిటెక్ సంస్థ కొనుగోలు చేసింది. హార్మనీ యజమానికి సంకేతాల గొడవ ఉండదు. తన టీవీ, ఆంప్లిఫయర్, డిస్క్ ప్లేయర్ల మోడల్ నంబర్లను ఇంటర్నెట్‌లో నమోదు చేస్తే చాలు. కంపెనీ సర్వర్‌లోని భాండాగారం నుంచి కావలసిన సంకేతాలన్నీ రిమోట్‌లోకి దిగుతాయి. 'టీవీ చూడటం', 'పాటలు వినడం' అన్న పనుల పేర్లే తెరపై కనిపిస్తాయి.

ఏకపక్ష సంభాషణ సమస్యకు హార్మనీ ఎన్నుకున్న ఉపాయం జ్ఞాపకం. తాను చివరిసారి ఏ పరికరాన్ని వెలిగించిందో, ఏ ఇన్‌పుట్‌లో ఉంచిందో రిమోట్ గుర్తుపెట్టుకుంటుంది. ఎవరైనా లేచి వెళ్లి టీవీ బటన్‌తోనే దానిని ఆర్పితే ఆ జ్ఞాపకం తప్పవుతుంది. అప్పుడు హెల్ప్ బటన్ నొక్కాలి. 'టీవీ వెలిగిందా?' అని రిమోట్ అడుగుతుంది, మనిషి అవునో కాదో చెప్పాలి. యంత్రం చూడలేనిదానిని చూడటానికి మళ్లీ మనిషి కళ్లే కావలసి వచ్చాయన్న మాట.

2007లో వచ్చిన హార్మనీ 1000 నమూనాలో ముందుభాగమంతా దాదాపు టచ్‌స్క్రీనే. చూడటానికి అందంగా ఉన్నా, చీకటి గదిలో సినిమా చూస్తూ శబ్దం తగ్గించాలంటే చూపు తెర నుంచి చేతిలోకి మళ్లవలసిందే. సాధారణ రిమోట్‌లో బొటనవేలు దానంతట అదే వాల్యూమ్ బటన్ మీదికి పోతుంది. ఈ సంగతి తయారీదారులకూ బోధపడినట్టుంది. 2013లో వచ్చిన హార్మనీ అల్టిమేట్‌లో టచ్‌స్క్రీన్ చిన్నదైపోయి, దాని చుట్టూ అసలు బటన్లు తిరిగి వచ్చాయి.

చూపు లేనివారికి ఇది సౌకర్యానికి మించిన విషయం. మామూలు రిమోట్లలో చాలావాటికి 5 అంకె మీద చిన్న బుడిపె ఉంటుంది. దాని ఆధారంగా మిగిలిన అంకెలన్నీ వేళ్లకు దొరుకుతాయి. నున్నని గాజుపలక మీద అటువంటి ఆనవాలు ఉండదు. తాకినదానిని చదివి వినిపించే ఏర్పాటు నేటి ఫోన్లలో ఉంది కానీ నాటి టచ్‌స్క్రీన్ రిమోట్లలో లేదు. నిత్యం వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు అందరికీ అనువైన రూపకల్పనతో లభించేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. వార్తలను చెవులతోనే తెలుసుకునే ఇంట్లో టీవీ రిమోట్ కన్నా నిత్యం వాడే వస్తువు ఏముంటుంది?

హార్మనీ కథలో పెద్ద మలుపు 2017 నవంబరులో వచ్చింది. ఫోన్‌నే రిమోట్‌గా వాడుకునేందుకు 2011లో తాను అమ్మిన హార్మనీ లింక్ అనే పరికరం 2018 మార్చి 16 తరువాత పనిచేయదని లాజిటెక్ ప్రకటించింది. ఒక సాంకేతిక ధ్రువపత్రం గడువు ముగియడం, దానిని పునరుద్ధరించే ఉద్దేశం సంస్థకు లేకపోవడం ఇందుకు కారణాలు. పరికరం చెడిపోలేదు. ఇంటి గోడల మధ్య, అదే టీవీ ముందు, అదే కాంతిని వెదజల్లగల స్థితిలోనే ఉంది. ఆగిపోయింది ఎక్కడో ఉన్న సర్వర్‌తో దాని సంబంధం. వినియోగదారుల ఆగ్రహం తరువాత సంస్థ వెనక్కి తగ్గి, లింక్ యజమానులకు హార్మనీ హబ్ అనే కొత్త పరికరాన్ని ఉచితంగా ఇస్తామంది. 2021 ఏప్రిల్‌లో హార్మనీ రిమోట్ల తయారీనే పూర్తిగా నిలిపివేస్తున్నట్టు వెల్లడించింది. ఇప్పటికే వాడుతున్నవారికి సేవలు కొనసాగిస్తామని అప్పుడు హామీ ఇచ్చింది.

ప్రోంటో యజమాని సంకేతాలు అతని కంప్యూటర్‌లోనే ఉన్నాయి. హార్మనీ యజమానివి కంపెనీ భాండాగారంలో ఉన్నాయి. మొదటివాడు ఎక్కువ శ్రమపడ్డాడు, రెండవవాడు సుఖపడ్డాడు. తయారీదారు తప్పుకున్న రోజున మాత్రం ఇద్దరి పరిస్థితి ఒకటి కాదు. పాత ప్రోంటోకు కొత్త టీవీ సంకేతాలను నేటికీ నేర్పవచ్చు. హార్మనీకి కొత్త పరికరాన్ని చేర్చాలంటే కంపెనీ సేవ నడుస్తూ ఉండాలి. ఇప్పుడు ఇళ్లలోకి వస్తున్న స్మార్ట్ బల్బులు, తాళాలు, కెమెరాలు కూడా చాలావరకు ఇలా దూరపు సర్వర్ల మీదే ఆధారపడుతున్నాయి.

టీవీలు తమలో తాము మాట్లాడుకుంటే

యూనివర్సల్ రిమోట్లకు గిరాకీ తగ్గడానికి వేరే కారణాలూ ఉన్నాయి. కొత్త పరికరాలు కాంతిని వదిలి బ్లూటూత్‌కు మారాయి. సోనీ ప్లేస్టేషన్ 3లో పరారుణ గ్రాహకమే లేదు. దానిని హార్మనీతో నడపాలంటే వేరే అడాప్టర్ కొనవలసి వచ్చింది. మరోవైపు హెచ్‌డీఎంఐ కేబుల్‌లోని ఒక తీగ ద్వారా పరికరాలు పరస్పరం సంప్రదించుకునే సీఈసీ అనే ఏర్పాటు వచ్చింది. ఇది రెండువైపులా సాగే సంభాషణ. డిస్క్ ప్లేయర్ ఆన్ చేస్తే టీవీ దానంతట అదే వెలిగి సరైన ఇన్‌పుట్‌కు మారుతుంది. టీవీ రిమోట్‌తోనే సౌండ్‌బార్ శబ్దం పెరుగుతుంది. ప్రోంటో తెర మీద గంటల తరబడి కూర్చి పేర్చిన మాక్రోల పనిని ఒక కేబుల్ నిశ్శబ్దంగా చేసిపెట్టింది.

అయితే ఈ సదుపాయం తమ టీవీలో ఉందని చాలామందికి తెలియదు. తెలియకపోవడంలో వారి తప్పు లేదు. శాంసంగ్ దీనిని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. మూడింటి వెనుక ఉన్నది ఒకే సీఈసీ. సెట్టింగుల్లో ఈ పేర్లలో ఏది కనిపించినా దానిని ఆన్ చేసి చూడవచ్చు. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల పాత ఏవీ కేబుల్‌తో కలిపిన సెట్‌టాప్ బాక్సుకు మాత్రం ఇది వర్తించదు, ఎందుకంటే ఆ తీగ హెచ్‌డీఎంఐలోనే ఉంది.

భారతీయ గృహంలో

మన దేశంలో టీవీ ముందుకు రెండవ రిమోట్ రావడానికి ఒక చట్టబద్ధమైన నేపథ్యం ఉంది. కేబుల్ ప్రసారాల డిజిటలీకరణ 2012లో మహానగరాలతో మొదలైంది. హైదరాబాద్, విశాఖపట్నం 2013 మార్చి 31 గడువుతో రెండవ దశలో చేరాయి. గ్రామాల వంతు 2017 నాటికి వచ్చింది. డిజిటల్ ప్రసారం కావాలంటే సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి, బాక్సుతో పాటు దాని రిమోట్. అప్పటి వరకు ఒకే రిమోట్‌తో చానల్ మార్చి, శబ్దం తగ్గించి, టీవీ ఆర్పిన కుటుంబం అప్పటి నుంచి ఏ పనికి ఏ రిమోట్ అని ఆలోచించవలసి వచ్చింది.

400 డాలర్ల టచ్‌స్క్రీన్ మన ఇళ్లకు చేరలేదు. చేరినది వేరొక రూపం. అనేక సెట్‌టాప్ బాక్సుల రిమోట్ల పైభాగంలోనో అడుగునో 'టీవీ' అన్న గీత మధ్య పవర్, వాల్యూమ్, ఏవీ వంటి నాలుగైదు బటన్లు విడిగా కనిపిస్తాయి. ఇవి ఖాళీ పలకలు. టీవీ రిమోట్ సంకేతాలను వీటికి నేర్పవచ్చు. మోడల్‌ను బట్టి పద్ధతి కొంత మారినా ప్రధానంగా ఇలా సాగుతుంది: సెట్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచితే ఎర్ర దీపం నిలకడగా వెలుగుతుంది. రెండు రిమోట్లను ముఖాముఖిగా, రెండు మూడు అంగుళాల ఎడంతో బల్లపై ఉంచాలి. నేర్పవలసిన బటన్‌ను బాక్సు రిమోట్ మీద ఒకసారి నొక్కి, తరువాత టీవీ రిమోట్ మీది అదే బటన్ నొక్కాలి. దీపం మిణుకుమంటే పాఠం అందినట్టు. ఐదు నిమిషాల పని. వోజ్నియాక్ 'కోర్' చేసినదీ మౌలికంగా ఇదే.

సెల్‌ఫోన్ మరొక మార్గం. శాంసంగ్ తన గెలాక్సీ ఎస్4, ఎస్6 వంటి ఫోన్లలో పరారుణ బల్బును అమర్చి తరువాతి నమూనాల నుంచి తొలగించింది. షావోమీ మాత్రం మన దేశంలో అమ్మే అనేక ఫోన్లలో దానిని కొనసాగించింది. ప్రోంటో ఆశించిన టచ్‌స్క్రీన్ రిమోట్ ఇలా ఫోన్‌లో ఒక అదనపు సదుపాయంగా ప్రవేశించింది. దీనికీ పరిమితి ఉంది. ఫోన్ ఒకరి సొత్తు, రిమోట్ ఇంటిల్లిపాదిదీ. ఫోన్ జేబులో పెట్టుకుని ఇంటాయన బయటికి వెళితే రిమోట్ కూడా వెళ్లిపోతుంది.

అసలు రెండవ పెట్టె లేకుండా చేసే ప్రయత్నమూ ఉంది. ఉపగ్రహ ట్యూనర్‌ను టీవీలోనే అమర్చేందుకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 18112:2022 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. ఈ ప్రమాణంతో తయారైన టీవీకి ఇంటిపై ఉన్న చిన్న డిష్‌ను నేరుగా కలిపి, దూరదర్శన్ ఫ్రీ డిష్ వంటి ఉచిత చానళ్లను సెట్‌టాప్ బాక్సు లేకుండానే చూడవచ్చు. బాక్సు లేకపోతే దాని రిమోట్ అవసరమూ ఉండదు. అయితే ఇది రుసుము చెల్లించే చానళ్లకు వర్తించదు, ఇప్పటికే ఇళ్లలో ఉన్న టీవీలకూ వర్తించదు.

రిమోట్ పోయినా, విరిగినా హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నైలోని రిచీ స్ట్రీట్, ఢిల్లీలో ఎర్రకోట ఎదుట ఉన్న లాజ్‌పత్ రాయ్ మార్కెట్ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లు ఉండనే ఉన్నాయి. పాత రిమోట్ లేదా టీవీ వెనుక అంటించిన చీటీపై ఉన్న మోడల్ నంబరు చూపితే దుకాణదారు దానికి సరిపోయే నకలు తీసి ఇస్తాడు. బాక్సు రిమోట్‌కు నేర్పే పద్ధతిలో మాత్రం ఒక షరతు ఉంది. పాఠం చెప్పడానికి టీవీ అసలు రిమోట్ పనిచేస్తూ ఉండాలి. అది మూలపడక ముందే, బ్యాటరీలు మార్చి అయినా, నాలుగు బటన్లు నేర్పి ఉంచుకోవాలి.